గెట్టు దాటి చూసే తోట

ఊళ్లో కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు, ఊరి బయట ఎకరమో అరెకరమో కొనుక్కున్నవాళ్లు తోట వేద్దామనుకోగానే ముందు నర్సరీకి వెళతారు. అంతకంటే ముందే జేసీబీ వచ్చి పోయి ఉంటుంది. గుండ్లు పగిలిపోతాయి, పొదలు లేచిపోతాయి, ఎత్తుపల్లాలు చదునైపోతాయి. నాలుగు మూలలూ ఒకేలా కనిపించే ఎర్రటి మైదానం మిగులుతుంది. దాని చుట్టూ ఆరడుగుల ప్రహరీ, ప్రహరీ వెంట కోనోకార్పస్ వరస, మధ్యలో లాన్, గేటుకి అటూ ఇటూ రాయల్ పామ్‌లు వస్తాయి. పాలమూరులో చూసినా అనంతపురంలో చూసినా గోదావరి లంకల్లో చూసినా తోట అదే. ఇల్లుగలాయనకు ఎంత స్తోమత ఉందో అది చెబుతుంది గానీ, అది ఏ ఊరి తోటో చెప్పదు.

పల్లెలో మీరు కొన్న జాగా ఎన్నడూ ఖాళీగా లేదు. వాన నీళ్లు నడిచే దారి దానిలో ఉంది. ఎండ పడే వేళలు, గాలి వచ్చే దిక్కు, మట్టి కింద నిద్రపోతున్న వేళ్లు, పక్క చేనువాళ్ల అవసరాలు, దూరాన కనిపించే గుట్ట, అన్నీ మీకంటే ముందునుంచీ అక్కడున్నాయి. వాటిని తెలుసుకుని, వాటికి మన వంతుగా కొద్దిగా చేర్చడమే తోట రూపకల్పన అని నేను నమ్ముతాను. అందుకు డబ్బు కంటే ఓపిక ఎక్కువ కావాలి. వ్యక్తిత్వం గురించిన ఈ పుస్తకంలో తోటకు ఒక అధ్యాయం ఇవ్వడానికి కారణం కూడా ఇదే. చూడకముందే చేసేయాలన్న తొందర మనలో ఎంత ఉందో తోట పని మొదలుపెట్టిన వారంలోనే బయటపడుతుంది. ఆ తొందరను అక్కడ అదుపు చేసుకున్నవాళ్లు మిగతా పనుల్లో కూడా అదుపు చేసుకోగలుగుతారు.

నేను ఇక్కడ ముఖ్యంగా ఎర్ర చెలకల గురించి, అంటే దక్షిణ తెలంగాణలోనూ రాయలసీమలోనూ కనిపించే గ్రానైట్ నేలల గురించి మాట్లాడతాను. నల్లరేగడిలోనో కోస్తా ఇసుక నేలలోనో మీ జాగా ఉంటే మొక్కల పేర్లు మారతాయి. చూసే పద్ధతి మారదు.

ఒక ఏడాది ఆగండి

ఈ సలహా ఎవరికీ ముందు మింగుడుపడదు. రిజిస్ట్రేషన్ అయిన మర్నాడే మొక్కలు పాతాలనిపిస్తుంది. అమెరికా నుంచి వచ్చి మూడు వారాల సెలవులో ఊరి ఇంటికి తోట వేయించి వెళ్లాలనుకునేవాళ్లకైతే మరీ కష్టం. అయినా ఒక వానాకాలం, ఒక చలికాలం, ఒక ఎండాకాలం చూడకుండా శాశ్వతమైన పనేదీ చేయకండి. గోడ కట్టడం, బోరు వేయడం, పెద్ద చెట్లు పెట్టడం, దారులు పరచడం అన్నీ ఆ ఏడాది తర్వాతే.

ఆ ఏడాదిలో చేయదగిన పని ఒకటుంది. మేకలు, పశువులు లోపలికి రాకుండా కంచె వేయండి, వేసవిలో నిప్పు పాకకుండా చూడండి, ఆ తర్వాత నేల ఏం చేస్తుందో గమనించండి. ఉమ్మడి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ 32 ఎకరాల బీడు మీద మొదలైంది. ఆ జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే ఎక్కువ. అక్కడివాళ్లు ఆ బీడును మేత నుంచి, నిప్పు నుంచి కాపాడి, వాన నీటిని నిలిపి, నేల తనంతట తాను కోలుకోవడానికి వదిలారు. బీడు చెట్లతో నిండింది. ఇంత పొడి నేలలో అది సాధ్యమైతే పాలమూరులోనో నల్లగొండలోనో మీ అరెకరంలో ఎందుకు కాదు?

దీనికి కారణం మట్టి కింద ఉంది. ఏళ్ల తరబడి మేకలు కొరికేసిన చెలకలో కూడా మోదుగ, తునికి, రేగు, అంకుడు, వేప వేళ్లు బతికే ఉంటాయి. పైన జానెడు పొదలా కనిపించేదాని కింద బలమైన వేరు ఉంటుంది. కొరికే నోరు ఆగితే ఆ వేరు నుంచి వచ్చే చిగురు నర్సరీ మొక్క కంటే త్వరగా పైకి లేస్తుంది, నీళ్లు అడగదు. ఒక వానాకాలం ముగిసేసరికి మీ జాగాలో ఏవేవి వచ్చాయో చూసి, ఉంచదలచుకున్న వాటికి రంగు గుడ్డ కట్టండి. ఒక్కో మొక్కకు రెండు మూడు కొమ్మలు మాత్రం ఉంచి మిగతావి తీసేస్తే అది చెట్టుగా మారుతుంది. డబ్బు పెట్టి కొనకుండానే మీ తోటలో సగం చెట్లు అలా దొరుకుతాయి. సర్కారు తుమ్మ, లాంటానా, వయ్యారిభామ మాత్రం ఆ వానల్లోనే పీకేయండి. నేల తడిగా ఉన్నప్పుడు పిల్ల మొక్కలు వేళ్లతో సహా వస్తాయి. ఎండాకాలం దాకా వదిలితే గడ్డపార కావాలి.

ఆ ఏడాదిలో చూడవలసిన వాటిలో మొదటిది నీళ్ల నడక. పెద్ద వాన పడుతుండగా గొడుగు పట్టుకుని బయటికి వెళ్లండి. నీళ్లు ఎటునుంచి మీ జాగాలోకి వస్తున్నాయి, ఎక్కడ ఉరుకుతున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి, ఎటు పోతున్నాయి? అక్కడక్కడ కర్రలు పాతి గుర్తు పెట్టండి. ఏ సర్వేయరూ ఇవ్వలేని పటం ఆ గంటలో మీకు దొరుకుతుంది.

రెండోది ఎండ. దక్షిణ దిక్కు నుంచే ఎండ వస్తుందని చాలామంది అనుకుంటారు. హైదరాబాద్ అక్షాంశం దగ్గర మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పటినుంచి ఆగస్టు 3 ప్రాంతం దాకా మిట్టమధ్యాహ్నం ఎండ కొద్దిగా ఉత్తరం నుంచి పడుతుంది. డిసెంబరులో సూర్యుడు బాగా దక్షిణానికి వంగుతాడు. అంటే మీ ఇంటి ఉత్తరపు గోడ కూడా వేసవిలో కొంత ఎండను చూస్తుంది. అన్నిటికంటే కష్టపెట్టేది పడమటి ఎండ. ఏప్రిల్, మే నెలల్లో మూడు గంటల తర్వాత ఇంటి పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూస్తే, మొదటి చెట్టు ఎక్కడ పెట్టాలో ఎవరినీ అడగనక్కర్లేదు. అక్కడ కానుగ కానీ వేప కానీ పెట్టండి. రెండూ వేసవికి ముందే ఆకు రాల్చి, ఎండలు ముదిరేసరికి కొత్త ఆకుతో నిండిపోతాయి.

మూడోది మట్టి. నాలుగు చోట్ల మోకాలి లోతు గుంతలు తవ్వి చూడండి. ఒకచోట రెండడుగుల ఎర్రమట్టి ఉంటుంది, పది గజాల అవతల జానెడు మట్టి కిందే మొరం తగులుతుంది. గుంతలో బకెట్ నీళ్లు పోసి ఎంతసేపటికి ఇంకుతాయో చూడండి. మామిడి, నేరేడు ఎక్కడ బతుకుతాయో, ఎక్కడ తంగేడు తప్ప వేరేది పెట్టకూడదో ఆ గుంతలు చెబుతాయి.

నీటికి ఉన్న దారి

మన నేలల్లో ఏ చెలకా ఒంటరి కాదు. చెలక మీద పడిన నీళ్లు ఒర్రెలోకి, ఒర్రె నుంచి కుంటలోకి, కుంట అలుగు దూకి చెరువులోకి, ఆ చెరువు మత్తడి పోసి కింది చెరువులోకి వెళతాయి. కాకతీయుల కాలంలో కట్టిన పాకాల, రామప్ప, లక్నవరం వంటి పెద్ద చెరువులతో పాటు తెలంగాణ అంతటా ఊరూరా ఉన్న గొలుసుకట్టు చెరువులన్నీ ఈ లెక్క మీదే బతికాయి. పై చేనులో ఎవరో అడ్డంగా గోడ కడితే కింది చెరువుకు ఆ మేరకు నీళ్లు తగ్గుతాయి. గోడకు ఎగువన ఉన్న పక్కవాళ్ల చేను మునుగుతుంది. రెండు మూడేళ్లలో ఆ గోడే పడిపోతుంది. ఇలా పడిన ప్రహరీలు మీరు ప్రతి ఊళ్లోనూ చూసే ఉంటారు.

అందుకని నీళ్లు మీ జాగాలోకి వచ్చే చోటు, బయటికి పోయే చోటు రెండూ మారకుండా చూసుకోండి. మధ్యలో మాత్రం వాటి నడకను మెల్లగా చేయండి. వాలుకు అడ్డంగా అడుగు లోతు కందకాలు తీసి, ఆ మట్టిని కింది వైపు కట్టగా పోసి, కట్ట మీద వట్టివేరు కానీ గరిక కానీ పెంచండి. కందకం పొడవునా నేల మట్టం ఒకేలా ఉండాలి. లేకపోతే నీళ్లు ఒక మూలకు చేరి కట్టను తెంపుతాయి. మట్టం చూడటానికి నీళ్లు నింపిన సన్నటి పారదర్శక గొట్టం చాలు, మేస్త్రీలంతా వాడేదే. ప్రతి కందకానికీ ఎక్కువైన నీళ్లు పోవడానికి రాళ్లు పేర్చిన చిన్న అలుగు ఉండాలి. జాగాలో అన్నిటికంటే పల్లపు చోట ఇల్లు కట్టకండి, దాన్ని మట్టితో నింపకండి. తెల్లమద్ది, కానుగ, వావిలి, ఈత వంటి తేమ కోరే చెట్లకు అదే సరైన తావు. వానాకాలంలో కప్పలు అరిచే చోటు తోటలో ఒకటి ఉండి తీరాలి.

నీటి లెక్క కూడా వేసుకోండి, తేలికైనదే. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల డాబా అంటే సుమారు 93 చదరపు మీటర్లు. ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడే చోట ఆ డాబా మీద 74,000 లీటర్లు పడతాయి. ఇరవై శాతం వృథా పోయినా దాదాపు 60,000 లీటర్లు సంపులోకో బోరు పక్కన ఇంకుడు గుంతలోకో పంపవచ్చు. ఇప్పుడు లాన్ సంగతి చూడండి. ఎండాకాలంలో పచ్చగా ఉండాలంటే లాన్‌కు చదరపు మీటరుకు రోజుకు ఐదారు లీటర్లు కావాలి. ఐదు గుంటల లాన్ అంటే సుమారు 500 చదరపు మీటర్లు. రోజుకు 2,500 లీటర్లకు పైగా పోయాలి. మీ డాబా ఏడాదంతా ఒడిసిపట్టిన నీళ్లు ఆ లాన్‌కు నెల కూడా రావు. చుట్టూ బోర్లు ఎండిపోతున్న ఊళ్లో ఆ పచ్చదనం అందంగా ఉంటుందని నేను అనలేను. పిల్లలు ఆడుకోవడానికి, నలుగురు కూర్చోవడానికి ఒక గుంటలో నాలుగో వంతు గరిక చాలు. గరిక వేసవిలో ఎండి, మొదటి వానకు తిరిగి లేస్తుంది. ఎండినప్పుడు అది చుట్టుపక్కల చేలలాగే గోధుమ రంగులో ఉంటుంది. వేసవిలో మన నేల రంగు అదే, తోట కూడా ఆ నెలల్లో ఆ రంగులో ఉండటం తప్పేమీ కాదు.

రాళ్లు, దూరాన గుట్ట

తెలంగాణలో, రాయలసీమలో మనం గుండ్లు అని పిలిచే గ్రానైట్ రాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. జీవం ఇంకా సూక్ష్మజీవుల దశలో ఉన్న కాలం నుంచి ఉన్న రాయిని గంటలో పగలగొట్టి కంకరగా అమ్మేయడం నాకు ఎప్పుడు చూసినా బాధ కలిగిస్తుంది. ఆ బాధ పక్కన పెట్టి, లాభనష్టాల లెక్క చూసినా గుండును ఉంచుకోవడమే మేలు. పది చదరపు మీటర్ల పరుపు బండ మీద పది మిల్లీమీటర్ల వాన పడితే వంద లీటర్ల నీళ్లు బండ అంచు నుంచి జారుతాయి. ఆ అంచున పెట్టిన సీతాఫలానికి, రేలకు పక్కనున్న మొక్కలకంటే ఎన్నో రెట్లు నీళ్లు అందుతాయి. గుట్టల మీద చెట్లన్నీ బండల పగుళ్లలో, బండల పాదాల దగ్గరే ఎందుకు ఉంటాయో ఒకసారి చూడండి. మొక్కలు పెట్టడానికి అంతకంటే మంచి పాఠం లేదు.

రాళ్ల మధ్య ముళ్లపొదలను కూడా ‘పనికిరానివి’ అని తీసేస్తాం. మన దక్షిణాది రాతి గుట్టలకే పరిమితమైన పసుపు గొంతు పికిలి పిట్ట సరిగ్గా అలాంటి పొదల్లోనే బతుకుతుంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో ఆ పిట్ట ఉంది. పచ్చబడిన ఆ లోయను 1991లో పక్షుల ఆశ్రయంగా ప్రకటించారు. మీ తోటలో ఒక మూల బలుసు, వాక్కాయ, పరికి పొదలను రాళ్లతో సహా వదిలేయండి. కత్తెర పట్టనక్కర్లేని మూల అది.

ఇక దూరాన కనిపించేది. పల్లె తోటకు ఉన్న గొప్ప ఆస్తి దాని హద్దుల బయట ఉంటుంది. గుట్ట, చెరువు కట్ట మీద తాళ్ల వరస, గుడి గోపురం, వరి పొలం మీద పొద్దు, ఇవన్నీ మీకు ఉచితంగా వస్తున్నాయి. ఆరడుగుల గోడ కట్టిన రోజున అవి పోతాయి. జపాన్‌లోని క్యోటో నగరంలో ఎంత్సూజి అనే ఆలయం ఉంది. అక్కడి తోట చిన్నది. తక్కువ ఎత్తు కంచె, దాని వెనక కొన్ని చెట్ల కాండాలు, వాటి మధ్య నుంచి దూరాన హియెయ్ పర్వతం కనిపిస్తుంది. ఆ కొండ లేకపోతే తోటే లేదు. శ్రీలంకలో జెఫ్రీ బావా అనే వాస్తుశిల్పి 1948లో బెంతోట దగ్గర డెద్దువ సరస్సు ఒడ్డున ఒక పాత రబ్బరు తోట కొన్నాడు. దానికి లునుగంగ అని పేరు. తర్వాత ఆ దేశ పార్లమెంటు భవనాన్ని రూపొందించింది కూడా ఆయనే. లునుగంగలో ఇంటి ముందున్న గుట్ట నెత్తిని కొంత తగ్గించి, చెట్లను విడదీసి, సరస్సు అవతల తెల్లటి బౌద్ధ స్తూపం ఇంట్లోంచి కనిపించేలా చేశాడు. ఇంటికీ గుట్టకూ మధ్య ఊరి దారి ఉంటే దాన్ని మూయలేదు, పల్లంలోకి దించి చూపుకు అడ్డు రాకుండా చేశాడు. ఐదు దశాబ్దాల పాటు ఆ తోట మీద పని చేస్తూనే ఉన్నాడు. నేను గ్రానైట్ గుండ్లను కదపవద్దంటూ గుట్టను తగ్గించినవాణ్ణి మెచ్చుకోవడం విడ్డూరంగా అనిపించవచ్చు. ఆయన ముందు చూశాడు, తర్వాత కదిపాడు. ఆ వరస నాకు ముఖ్యం.

మీరు చేయవలసింది సులువు. మీరు రోజూ కూర్చోబోయే చోట, అంటే అరుగు మీద, వంటింటి కిటికీ దగ్గర, డాబా మెట్ల మీద, కుర్చీ వేసుకుని కూర్చోండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఏం కనిపిస్తే మనసు ఆగుతుందో, ఏది కనిపించకుండా ఉంటే బాగుండునో రాసుకోండి. గుట్ట కనిపించే దిక్కున నడుము ఎత్తు దాటని పొదలే పెట్టాలి. కోళ్ల ఫారమో కరెంటు సబ్‌స్టేషనో ఉన్న దిక్కున వెదురు, కానుగ ఒత్తుగా పెంచాలి. మొక్క పెట్టకముందే అక్కడ పొడవాటి వెదురు బొంగు పాతి, పదేళ్ల తర్వాత చెట్టు ఆ ఎత్తున ఉంటే ఏది మూసుకుపోతుందో చూడండి. మామిడి, నేరేడు కొమ్మలు ఎనిమిది పది మీటర్లు పరుచుకుంటాయని మొక్క జానెడున్నప్పుడు ఎవరికీ గుర్తుండదు.

గోడకు బదులు కడీలు పాతి, వాటికి తీగ కట్టి, తీగ వెంట గోరింట, వావిలి, వాక్కాయ పెంచితే మూడేళ్లలో దాటలేని కంచె వస్తుంది. అడవి పందుల బాధ ఉన్నచోట గచ్చ పొద వేయండి. దాని ముళ్ల ముందు ఏ ఇనుప కంచె కూడా సాటి రాదు. కంచె కుదరని చోట గోడే కట్టవలసి వస్తే, అక్కడి రాయితోనే కట్టండి, రంగు వేయకండి. దారులకు పేవర్ బ్లాకుల కంటే తాండూరు బండలో బేతంచెర్ల బండలో మేలు. మీ ప్రాంతానికి ఏది దగ్గరైతే అది. బండల మధ్య వేలెడు సందు వదిలితే నీళ్లు ఇంకుతాయి.

ఏ మొక్కలు

నర్సరీ జాబితా పక్కన పెట్టి, మీ జాగా నుంచి రెండు మూడు కిలోమీటర్లు నడవండి. ఊరి దేవర గుడి చుట్టూ, పాత బావి గట్టు మీద, వాగు ఒడ్డున, గుట్ట వాలున, చెరువు కట్ట కింద ఏమేం పెరుగుతున్నాయో చూడండి. ఎవరూ నీళ్లు పోయకుండా పెరిగినవి అవి. మీ జాగాలో గుట్టలాంటి చోటుకి గుట్ట చెట్లు, వాగులాంటి చోటుకి వాగు చెట్లు తెచ్చుకోండి. రాతి చోట సీతాఫలం, రేల, మోదుగ, అంకుడు, తంగేడు. ఏటికొప్పాక బొమ్మలు చేసేది ఈ అంకుడు కర్రతోనే. తెల్లటి పూలతో వేసవిలో ఎంత అందంగా ఉంటుందో నర్సరీవాళ్లకు తెలియదు కాబట్టి అమ్మరు. లోతు మట్టి ఉన్నచోట మామిడి, నేరేడు, ఉసిరి, చింత. మర్రి, రావి ఇంటికీ బావికీ దూరంగా ఉంటేనే పెట్టండి, లేకపోతే వాటి జోలికి పోవద్దు.

ఇక్కడ ఒక మాట. స్థానిక మొక్కలు తప్ప ఏవీ ఉండకూడదని పట్టుబట్టేవాళ్లతో నేను ఏకీభవించను. సీతాఫలం అమెరికా ఖండం నుంచి వచ్చింది. అయినా దానిలో పేరున్న రకం మన పాలమూరు జిల్లా బాలానగర్ పేరుతోనే దేశమంతా తెలుసు. చింత ఆఫ్రికాది. బంతి మెక్సికోది, బంతి లేని బతుకమ్మను ఊహించలేం. పుట్టుక ఎక్కడన్నది కాదు, ఇక్కడ ఎలా బతుకుతుందన్నది చూడాలి. మూడో వేసవికి నీళ్లు లేకుండా నిలబడుతుందా? మీ గెట్టు దాటి పక్క చేనులోకి విరగబడి పాకుతుందా? దాని పువ్వుకో కాయకో ఆకుకో పిట్టలు, సీతాకోకచిలుకలు వస్తాయా? కోనోకార్పస్ ఈ పరీక్షలో నిలవదు. పర్యావరణానికీ ఆరోగ్యానికీ హాని అని గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడాన్నే నిషేధించింది. మన రోడ్ల మధ్య ఇంకా ఉంది కదా అని ఇంటికి తెచ్చుకోకండి.

తోట అంతటా ఒకే తీరు పని చేయాలనుకోవడం అలసటకు దారి. ఇంటి దగ్గర చెయ్యి ఎక్కువ, గెట్టు దగ్గర చెయ్యి తక్కువ అని పెట్టుకోండి. వాకిట్లో మల్లె, కనకాంబరం, తులసి, ముగ్గుకు చోటు. వంటింటి వెనక కరివేపాకు, నిమ్మ, మునగ, గిన్నెలు తోమిన నీళ్లు పారే చోట అరటి. ఇక్కడ రోజూ మీ చెయ్యి పడుతుంది, నీళ్లూ ఇక్కడే ఎక్కువ. దాని తర్వాత పండ్ల చెట్లు, వాటికి మొదటి మూడు వేసవులు నీళ్లు. ఆ తర్వాత గడ్డి, పొదలు, తమంతట వచ్చిన చెట్లు. చివర గెట్టు మీద పక్క చేను గెట్టు మీద ఏముందో అదే ఉండాలి. బయటి నుంచి చూసేవాళ్లకు మీ తోట ఎక్కడ మొదలైందో తెలియకపోతే పని సరిగ్గా జరిగినట్టే. ఖర్చు కూడా ఈ వరసలోనే తగ్గుతూ పోతుంది. అరెకరాన్ని ఒక్క మనిషి నడుములు విరగకుండా చూసుకోగలగడానికి నాకు తెలిసిన దారి ఇది.

నాటడం గురించి క్లుప్తంగా. జూన్, జూలైలో రెండు మంచి వానలు పడ్డాక నాటండి. రెండడుగుల గుంత, మామిడికి మూడడుగులు, వేసవిలోనే తీసి ఎండనివ్వండి. నింపేటప్పుడు పశువుల ఎరువుతో పాటు చెరువు పూడిక మట్టి కలపండి, చెలకకు దానికి మించిన మందు లేదు. ఆరడుగుల మొక్క కొనే బదులు రెండడుగుల మొక్క కొనండి, త్వరగా కుదురుకుంటుంది. పాదులో ఎండుటాకులు నాలుగు వేళ్ల మందాన పరచండి, కాండానికి తగలకుండా. డ్రిప్ లేకపోతే మొక్క పక్కన మట్టి కుండ పాతి నీళ్లు నింపి మూత పెట్టండి. ఊరికి రెండు మూడు రోజులు దూరంగా ఉన్నా మొక్క బతుకుతుంది.

పొదలుంటే పాములొస్తాయని భయం అందరికీ ఉంటుంది, న్యాయమైన భయమే. ఇంటి చుట్టూ పదిహేను అడుగులు శుభ్రంగా, గడ్డి కోసి ఉంచండి. కట్టెల మోపులు, రాళ్ల కుప్పలు గోడకు ఆనించకండి. గింజలు ఒలకనివ్వకండి, ఎలుకలు లేకపోతే పాముకు మీ ఇంటి దగ్గర పని ఉండదు. ఫిబ్రవరిలో గెట్టు లోపల పది అడుగుల మేర గడ్డి కోసేస్తే పక్క చేలో పెట్టిన నిప్పు మీ తోటలోకి రాదు.

ఊరితో పొత్తు

పరిసరం అంటే కొండలూ వాగులూ మాత్రమే అనుకుంటే సగమే చూసినట్టు. పక్క చేను రైతు కూడా అందులో భాగమే. మీ ఉత్తరపు గెట్టు మీద పెద్ద చెట్ల వరస పెడితే, యాసంగి పంట మీద నీడ పడుతుంది. డిసెంబరులో మన దగ్గర మధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తుకే వస్తాడు కాబట్టి, ముప్పై అడుగుల చెట్టు పాతిక అడుగుల నీడను ఉత్తరానికి పంపుతుంది. ఆ నీడలో పంట పండదు, పక్కవాళ్లతో మాటలూ ఉండవు. ఉత్తరాన పొదలు పెట్టి, పెద్ద చెట్లను లోపలికి జరపండి.

గొర్రెలు వెళ్లే దారి మీ జాగా అంచున ఉంటే దాన్ని ఉంచండి. గెట్టు మీద తంగేడు, గునుగు పెరగనివ్వండి. కలుపు మందుల వల్ల చేలలో గునుగు కరువైపోతోంది, బతుకమ్మ నాటికి పిల్లలు పూల కోసం ఎంత దూరమో పోవలసి వస్తోంది. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా. ఎంగిలిపూల నాడు ఊరి ఆడపిల్లలు మీ గెట్టు మీద తంగేడు కోసుకుంటే, వినాయక చవితికి పత్రి కోసం మీ దగ్గరికి వస్తే, మీ తోటను ఊరు తనదనుకుంటుంది. ఊరు తనదనుకున్న తోటకు కాపలా కూడా ఊరే. రాత్రిళ్లు ఫ్లడ్‌లైట్లు వేసి ఉంచకండి. గేటు దగ్గర ఒక చిన్న దీపం చాలు. పల్లెకు వచ్చింది చుక్కలు చూడటానికి కూడా కదా.

చివరగా ఒక విన్నపం. మీ జాగాను నలభై యాభై ఏళ్లుగా చూస్తున్నవాళ్లు ఊళ్లో ఉన్నారు. అక్కడ గొర్రెలు మేపిన పెద్దాయన ఉంటాడు, అదే చేలో కూలికి వెళ్లిన అవ్వ ఉంటుంది, ఒకప్పుడు చెరువు తూము చూసుకున్న నీరటి ఇంటివాళ్లు ఉంటారు. ఏ ఏడు వరద ఎంత దాకా వచ్చిందో, పాత బావి ఎక్కడ పూడిందో, ఏ మూల ఏ చెట్టు ఉండేదో, ఏ బండ కింద వేసవిలో కూడా తేమ ఉండేదో వాళ్లకు తెలుసు. అది ఎక్కడా రాసి లేదు, ఏ ఆర్కిటెక్టు దగ్గరా దొరకదు. నర్సరీకి వెళ్లేముందు వాళ్ల ఇంటికి వెళ్లండి. వీలైతే ఒక పూట మీ జాగాకు తీసుకొచ్చి నాలుగు మూలలా నడిపించండి, చెప్పినదంతా రాసుకోండి. వాళ్ల వయసు పెద్దది, ఈ పని వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి.